గ్లేసియర్ పార్క్ లాడ్జ్: రైలు దిగి నడిచి వెళ్ళే హోటల్

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వచ్చే మన తిరుపతి, చిత్తూరు పెద్దవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అందరం నయాగరా చూస్తాం, న్యూయార్క్ చూస్తాం, అక్కడి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తాం, మిగిలిన రోజులు ఇంట్లో కూర్చుని కిటికీలోంచి వాన చూస్తాం. ఈసారి మాత్రం మేం మోంటానా రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకి దగ్గర్లో, ఒక పాత చెక్క హోటల్లో రెండు రాత్రులు ఉండి వచ్చాం. ఇంటికొచ్చి రెండు నెలలైంది, మా ఆవిడా నేనూ ఇంకా దాని గురించే మాట్లాడుకుంటున్నాం. పేరు గ్లేసియర్ పార్క్ లాడ్జ్. ఊరి పేరు ఈస్ట్ గ్లేసియర్ పార్క్. గ్లేసియర్ నేషనల్ పార్క్ హద్దుకి కొంచెం బయట ఉంటుంది. 1913లో తెరిచారు. కట్టింది హోటల్ కంపెనీ కాదు, రైల్వే.

ఆ చివరి ముక్క కోసమే వెళ్ళాను. మా నాన్న మీటర్ గేజి రోజుల్లో పాకాలలో గ్యాంగ్‌మన్. నేను తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో చెక్క పనిలో చేరి అక్కడే రిటైరయ్యాను. పీఓహెచ్‌కి, అంటే కొన్నేళ్ళకోసారి చేసే పూర్తి మరమ్మతుకి, వచ్చిన బోగీల్లో పాడైన పలకలు పీకడం, కొత్తవి బిగించడం, తలుపులు సరిచేయడం, నా జీవితమంతా అదే. రైలు కోసం చెక్కతో కట్టిన హోటల్ ఒకటి ఉంది, నూరేళ్ళు దాటినా ఇంకా నడుస్తోంది, ఎదురుగా రైలు ఇంకా ఆగుతోంది అని తెలిశాక చూడకుండా ఎట్లా వస్తాను?

మా అమ్మాయి సియాటెల్‌లో ఉంటుంది. "కారులో పోదాం నాన్నా, తొమ్మిది పది గంటలే, మధ్యలో మీకు ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుతాను" అంది. వద్దమ్మా, రైలు దిగేవాళ్ళ కోసం కట్టిన హోటల్‌కి రైల్లోనే పోదాం అన్నాను. ఈ రివ్యూలో మిగతావన్నీ మర్చిపోయినా పర్వాలేదు గానీ ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి: అక్కడికి రైల్లో వెళ్ళండి.

రైలు పేరు ఎంపైర్ బిల్డర్. చికాగో నుంచి సియాటెల్‌కి, పోర్ట్‌లాండ్‌కి రోజూ ఉంటుంది. 1929లో, ఈ హోటల్ కట్టిన గ్రేట్ నార్తర్న్ రైల్వేనే దాన్ని మొదలుపెట్టింది, 1971 నుంచి అమెరికాలో ప్యాసింజరు రైళ్ళు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ నడుపుతోంది. ఆ రైల్వేని నిలబెట్టిన జేమ్స్ జె. హిల్‌ని జనం ఎంపైర్ బిల్డర్ అనేవాళ్ళు, రైలుకి ఆ పేరే పెట్టారు. సియాటెల్‌లో కింగ్ స్ట్రీట్ స్టేషన్‌లో సాయంత్రం ఎక్కాం. బోగీలు రెండంతస్తులవి. సీటు బాగా వెడల్పు, కాళ్ళు బారజాపుకోవచ్చు. వెళ్ళే దారిలో క్యాస్కేడ్ సొరంగం వస్తుంది, పన్నెండున్నర కిలోమీటర్లు, అదీ 1929లోదే. అర్ధరాత్రి దాటాక స్పోకేన్ అనే ఊళ్ళో పోర్ట్‌లాండ్ నుంచి వచ్చిన సగం రైలుని మన సగానికి కలుపుతారు. అందరూ నిద్రపోతున్నారు, నేను మాత్రం కళ్ళు తెరుచుకుని ఆ చిన్న కుదుపు కోసం ఎదురుచూశాను. వచ్చింది. కప్లింగ్ పడ్డ చప్పుడు ఎక్కడైనా ఒకటే. రేణిగుంటలో, గూడూరులో షంటింగ్ చూస్తూ పెరిగినవాడికి ఆ చప్పుడు వింటే ఊరు గుర్తొస్తుంది.

తెల్లవారేసరికి కొండల్లో ఉన్నాం. పక్కనే ఒక నది, పచ్చలరాయి రంగు నీళ్ళు, అటువైపంతా పార్కు. తర్వాత రైలు మెల్లగా ఎక్కుతూ మరియాస్ పాస్ అనే కనుమ దాటుతుంది. ఎత్తు 5,213 అడుగులు. ఈ దారి చరిత్ర రైల్వే వాళ్ళందరూ తెలుసుకోవాలి. 1889 డిసెంబర్‌లో జాన్ ఎఫ్. స్టీవెన్స్ అనే ఇంజనీరు మంచులో నడుచుకుంటూ వచ్చి, రైలు మార్గానికి ఈ కనుమ పనికొస్తుందని తేల్చాడు. చలి మైనస్ నలభై. రాత్రి కూర్చుంటే గడ్డకట్టి చనిపోతానని తెల్లవార్లూ అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడట. ఆ ఒక్క మనిషి ఆ ఒక్క రాత్రి నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో! అలా దొరికిన దారి మీదే పట్టాలు పడ్డాయి. 1893 జనవరికల్లా మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నుంచి పసిఫిక్ సముద్రం దాకా లైను పూర్తయింది. స్టీవెన్స్ తర్వాత పనామా కాలువకి చీఫ్ ఇంజనీరు కూడా అయ్యాడు. కనుమ మీద పట్టాల పక్కనే ఆయన విగ్రహం ఉంది, రైల్లోంచే కనిపించింది. మా నాన్న లాంటి వాళ్ళు కూడా గుర్తొచ్చారు, సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడిచినవాళ్ళు. ఆ విగ్రహానికి దండం పెట్టుకున్నాను.

కనుమ దిగగానే ఈస్ట్ గ్లేసియర్. స్టేషన్ చిన్నది, అదీ దుంగలతో కట్టిందే. దిగి తల ఎత్తితే ఎదురుగా పచ్చిక, పచ్చిక మధ్యలో పూలమొక్కల దారి, దారి చివర హోటల్, హోటల్ వెనక కొండలు. ఆటో అక్కర్లేదు, టాక్సీ అక్కర్లేదు. పెట్టె లాక్కుంటూ నడిచి వెళ్ళడమే. మా ఆవిడ అక్కడే నిలబడిపోయి, "ఏమండీ, మన స్టేషన్ దిగి విష్ణు నివాసానికి పోయినట్టు ఉంది కదా" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. తిరుపతి స్టేషన్‌లో దిగిన యాత్రికుడికి ఎదురుగానే బస కనిపిస్తే ప్రాణం ఎంత కుదుటపడుతుందో మనందరికీ తెలుసు. నూటపదేళ్ళ కిందట ఆ రైల్వే వాళ్ళు అదే ఆలోచించి కట్టారు. కారులో వచ్చేవాళ్ళు పార్కింగ్ వైపు నుంచి లోపలికి వస్తారు, వాళ్ళకి ఈ నడక ఉండదు, ఈ హోటల్‌కి అసలు ముఖం ఎటువైపు ఉందో కూడా చాలామందికి తెలియదేమో అనిపించింది.

ఇక లోపల. తలుపు తీసుకుని లాబీలోకి అడుగుపెట్టాక నేను ఓ పది నిమిషాలు కౌంటర్ దగ్గరికే పోలేదు. రెండు వందల అడుగుల పొడవు, నూరు అడుగుల వెడల్పు ఉన్న హాలు, మూడంతస్తుల ఎత్తు, ఆ పైకప్పుని మోస్తున్నవి చెట్లు. చెట్లతో చేసిన స్తంభాలు అనడం లేదు, చెట్లే. డగ్లస్ ఫర్ అనే జాతి. ఒక్కొక్కటి నలభై అడుగుల ఎత్తు, మూడు నుంచి మూడున్నర అడుగుల మందం, చుట్టూ బెరడు అట్లాగే ఉంది. చెట్టు వయసు ఐదు వందల నుంచి ఎనిమిది వందల ఏళ్ళ దాకా అంటారు. అంటే శ్రీకృష్ణదేవరాయలు తిరుమల వచ్చిన కాలానికి వీటిలో కొన్ని ఎప్పుడో మొలిచి పెద్దవైపోయిన చెట్లు. బయట వరండాలకి వాడింది సీడార్, లోపల ఫర్. అన్నీ పసిఫిక్ తీరం వైపు అడవుల్లో కొట్టి, తమ సొంత లైను మీదే తెచ్చుకున్నారు. 1905లో పోర్ట్‌లాండ్‌లో జరిగిన ఎగ్జిబిషన్‌లో అడవుల కోసం దుంగలతో ఒక పెద్ద భవనం కట్టారు, దాన్ని చూసే ఈ లాబీ ఆలోచన వచ్చింది. ప్లాను గీసింది సెయింట్ పాల్‌కి చెందిన శామ్యూల్ బార్ట్‌లెట్.

ఒక స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాను. బెరడు నా చేతివేళ్ళు దూరేంత లోతు గాళ్ళు పడి ఉంది, మన చింతమానుకి ఉంటుంది చూడండి, ఆ మాదిరి, కానీ ఇంకా లోతు. గాళ్ళ అంచులు మాత్రం నున్నగా ఉన్నాయి. నూరేళ్ళుగా నా లాంటి వాళ్ళు ఎంతమంది చెయ్యి పెట్టి ఉంటారో, మనిషి భుజం ఎత్తు దాకా రంగు కూడా కొంచెం మారింది. పైకి పోయేకొద్దీ గరుకు. చెక్క పని తెలిసినవాళ్ళకి ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, నాకూ వచ్చింది: కొట్టిన చెట్టుకి బెరడు ఇన్నాళ్ళు ఎలా నిలిచింది? మామూలుగా అయితే ఎండేకొద్దీ పట్టు వదిలి పొరలుగా రాలిపోతుంది. చెట్టులోకి రసం ఎక్కే కాలంలో కొడితే అంతే. చలికాలం చివర, రసం ఇంకా కదలక ముందే కొడితే బెరడు కట్టెని వదలదు. అంటే ఎప్పుడు కొట్టాలో తెలిసినవాడు దగ్గరుండి కొట్టించాడన్నమాట. ఎండినప్పుడు వచ్చే నెర్రెలు కొన్నింట్లో కనిపిస్తున్నాయి, కానీ ఒక్కటీ పక్కకి వంగలేదు. నా ఉద్యోగంలో టేకు చూశాను, సాలు చూశాను, బీరువా పలక వెడల్పు చేవ దొరికితే పండగ చేసుకునేవాళ్ళం. ఇంత చేవ ఒక్కచోట చూస్తానని అనుకోలేదు.

సంతోషమూ బాధా రెండూ కలిగాయి, దాచడం ఎందుకు. అంత పెద్ద చెట్లు మళ్ళీ రావాలంటే ఇంకో ఐదు వందల ఏళ్ళు. ఈ రోజుల్లో ఎవరూ కొట్టనివ్వరు, కొట్టనివ్వకూడదు. మన శేషాచలంలో ఎర్రచందనం దుంగల గురించి రోజూ పేపర్లో చదివే మనకి ఆ నొప్పి కొత్త కాదు. కానీ కొట్టిన చెట్టుని వీళ్ళు దాచుకోలేదు, చీల్చి పలకలు చేసి అమ్ముకోలేదు, నిలబెట్టి ఉంచారు. ఇక్కడ మన దగ్గరే, పేరు వద్దు, ఒక కొండ మీద రిసార్ట్‌కి పోయిన ఏడాది వెళ్ళాం, గదికి బాగానే గుంజారు. వరండా స్తంభాలన్నీ చెట్టు మానులే అనుకుని దగ్గరికి వెళ్ళి తడితే సిమెంటు. గోధుమరంగు పూసి, గీతలు గీసి బెరడు అనిపించారు. ఆ రోజంతా నా మనసు పాడైపోయింది. ఆ స్తంభాలు గుర్తున్నందుకే ఈ లాబీలో అంతసేపు నిలబడ్డానేమో.

అసలు రైల్వేకి హోటల్ ఎందుకు? టికెట్ల కోసం. అప్పట్లో అమెరికాలో డబ్బున్నవాళ్ళు కొండలు చూడాలంటే ఓడెక్కి స్విట్జర్లాండ్ పోయేవాళ్ళు. స్వదేశంలో చూసేవాళ్ళేమో వేరే రైల్వేలు ఎక్కేవాళ్ళు. ఎల్లోస్టోన్‌కి నార్తర్న్ పసిఫిక్, గ్రాండ్ కాన్యన్‌కి శాంటా ఫే, కెనడాలో బాన్ఫ్‌కి కెనడియన్ పసిఫిక్. గ్రేట్ నార్తర్న్ లైను ఇంత అందమైన కొండల పక్కనుంచి పోతున్నా దిగడానికి కారణం లేదు, దిగితే ఉండటానికి చోటు లేదు. జేమ్స్ హిల్ కొడుకు లూయిస్ హిల్‌కి అది కనిపించింది. జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ లాంటి వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా పార్కు కావాలని పోరాడుతుంటే, రైల్వే కూడా వాళ్ళతో గొంతు కలిపింది. 1910 మే 11న అధ్యక్షుడు టాఫ్ట్ సంతకంతో పార్కు వచ్చింది. ఆ తర్వాత లూయిస్ హిల్ ఆగలేదు. హోటళ్ళ పని తనే దగ్గరుండి చూసుకోవాలని రైల్వే ప్రెసిడెంట్ కుర్చీని కూడా కొన్నాళ్ళు వదిలేశాడు. ముందు ఈ లాడ్జ్, తర్వాత 1915లో చెరువు ఒడ్డున మెనీ గ్లేసియర్ హోటల్, మధ్యలో కొండల మీద గుర్రం మీద ఒక రోజు ప్రయాణం దూరంలో ఒక్కోటి చొప్పున చిన్న చిన్న బసలు. 1927లో సరిహద్దు దాటి కెనడాలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ హోటల్ కూడా. 'ముందు అమెరికా చూడండి' అని దేశమంతా ప్రచారం చేశారు. ఆ కాలంలో ఈ లాబీలో రాళ్ళు పేర్చి నెగడు వేసేవాళ్ళు, పైన జపాన్ లాంతర్లు వేలాడేవి, టీ పోసి ఇవ్వడానికి జపాన్ వాళ్ళని పెట్టారు. పెద్ద హిల్ డెబ్భై ఐదో పుట్టినరోజు 1913 సెప్టెంబర్‌లో ఇక్కడే జరిపారు. దానికి పిలిచింది దొరల్ని కాదు, ఆ రైల్వేలో ఏళ్ళ తరబడి పనిచేసిన పాత ఉద్యోగుల్ని. ఆ సంగతి చదివి నాకు కళ్ళు చెమర్చాయి.

హోటల్ మీద లాభం వచ్చిన ఏళ్ళు తక్కువే. కానీ హోటల్ నిండితే రైలు నిండుతుంది కదా, వాళ్ళ లెక్క అది. సత్రం అద్దె మీద ఎవరూ బతకరు, యాత్రికుడు వస్తే ఊరంతా బతుకుతుంది. తిరుపతి వాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పాలా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది చెప్పకుండా చెట్ల గురించి, రైళ్ళ గురించి మాత్రమే రాస్తే సగం అబద్ధం రాసినట్టే. హోటల్ ఉన్న నేల బ్లాక్‌ఫీట్ అనే అక్కడి ఆదివాసీ జాతి వాళ్ళ రిజర్వేషన్‌లోది, అంటే వాళ్ళకని విడిగా ఉంచిన ప్రాంతంలోది. పార్కులో తూర్పు సగం కొండలు కూడా వాళ్ళవే. 1895లో పదిహేను లక్షల డాలర్లకి ఆ కొండల పట్టీ ప్రభుత్వానికి ఇచ్చారు. వేటాడుకోవచ్చు, కట్టె కొట్టుకోవచ్చు అని ఒప్పందంలో రాసుకున్నారు. 1910లో పార్కు అయ్యాక ఆ హక్కులు పోయాయి. ఆ తర్వాత రైల్వే వాళ్ళు హోటల్ ముందు పచ్చికలో వాళ్ళ గుడారాలు వేయించి, రైలు దిగే టూరిస్టులకి ఆహ్వానం పలకడానికి వాళ్ళనే నిలబెట్టారు, క్యాలెండర్ల మీద వాళ్ళ బొమ్మలే వేసి దేశమంతా పంచారు. అడవికి బోర్డు తగిలించగానే, ఎప్పటినుంచో అందులో తిరిగిన మనుషులు బయటివాళ్ళైపోవడం మన అడవుల అంచుల్లోనూ చూస్తున్నదే. ఈ హోటల్‌కి బ్లాక్‌ఫీట్ వాళ్ళు పెట్టిన పేరు ఒమాకోయిస్. పెద్ద చెట్ల ఇల్లు అని. ఆ పేరే నాకు ఎక్కువ నచ్చింది. బ్లాక్‌ఫీట్ గైడ్లు నడిపే బస్సు టూర్లు ఈ ఊరి నుంచే బయల్దేరతాయి, వెళ్ళేవాళ్ళు తప్పకుండా అందులో వెళ్ళండి. ఆ కొండల్ని వాళ్ళు ప్రపంచానికి వెన్నెముక అంటారు. మా గైడ్ అలా అన్నప్పుడు మా ఆవిడ నా చెయ్యి నొక్కి, మనకి శేషుడు పడుకున్నట్టు అంది మెల్లగా.

పార్కు సైజు గురించి ఒక అంచనా ఇస్తాను. మన శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్క్ 353 చదరపు కిలోమీటర్లు. ఇది దాదాపు 4,100. హోటల్ ఉన్న ఊరు 4,800 అడుగుల ఎత్తులో ఉంది, మన హార్స్‌లీ హిల్స్ కంటే ఎక్కువే. పార్కుని అడ్డంగా దాటే గోయింగ్ టు ది సన్ రోడ్డు యాభై మైళ్ళు, 1933లో ప్రారంభమైంది. నిజానికి రైల్వే హోటళ్ళకి కష్టకాలం ఆ రోడ్డుతోనే మొదలైంది. కార్లు వచ్చాయి, రైలు దిగి గుర్రమెక్కి వారాల తరబడి ఉండేవాళ్ళు తగ్గారు, కొండల మీది బసలు చాలావరకు పోయాయి. యుద్ధకాలంలో హోటళ్ళు మూసేశారు. 1960 ప్రాంతంలో రైల్వే వాటిని వదిలించుకుంది. ఆ తర్వాత చేతులు మారుతూ వచ్చాయి. పడగొట్టలేదు, అదే గొప్ప.

ఆ రోడ్డు మీద తిరిగే ఎర్ర బస్సుల గురించి ఒక్క మాట. 1936 నుంచి 1939 మధ్య వైట్ కంపెనీ చేసినవి, ముప్పై మూడు ఉన్నాయి, పైకప్పు గుడ్డది, చుట్టి వెనక్కి పెట్టేస్తారు. మధ్యలో పాడైతే ఫోర్డ్ కంపెనీ బాగుచేసి ఇచ్చింది, 2002 నుంచి మళ్ళీ నడుస్తున్నాయి. తలుపు మూసినప్పుడు వచ్చిన చప్పుడు విని లోపల చెక్క ఫ్రేము ఉందేమోనని రెండుసార్లు తీసి వేసి చూశాను. డ్రైవరు ఏమీ అనలేదు, నవ్వాడు. పేరుకి తగ్గట్టు హిమానీనదాలు కూడా చూశాం, దూరం నుంచే. 1850లో చాలా ఎక్కువే ఉండేవట, 2015లో లెక్కపెడితే పేరున్నవి ఇరవై ఆరు మిగిలాయి. మనవలు పెద్దయ్యేసరికి ఎన్ని ఉంటాయో. చూడగలిగినవాళ్ళు ఇప్పుడే చూడాలి.

ఉండటం గురించి. గదులు 161. లిఫ్టు లేదు, ఏసీ లేదు, టీవీ లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బుక్ చేసేటప్పుడే కింది అంతస్తు అడగండి, మేం అలాగే అడిగాం, ఇచ్చారు. ఏసీ అవసరమే రాలేదు, జూలైలో కూడా రాత్రి దుప్పటి కప్పుకున్నాం. గది పెద్దది కాదు, శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే కొండ. నేల చెక్కది, నడిస్తే కిర్రుమంటుంది. పక్క గదివాళ్ళు నడిచినా వినిపిస్తుంది, చెక్క ఇల్లు అంటే అంతే, మా అత్తగారింటి మిద్దె మీద పడుకున్నట్టే ఉంది నాకు. నిద్ర తేలికగా చెడేవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకోండి. చవక కాదు. వేసవి నాలుగు నెలలే తెరుస్తారు కాబట్టి గదులకి గిరాకీ ఎక్కువ, చాలా ముందుగా చేసుకోవాలి. చలికాలంలో హోటలూ ఉండదు, ఆ స్టేషన్‌లో రైలూ ఆగదు, పక్కనున్న బ్రౌనింగ్‌లో ఆగుతుంది.

తిండి విషయంలో మనవాళ్ళు సిద్ధపడి వెళ్ళాలి. శాకాహారం దొరుకుతుంది గానీ రకాలు తక్కువ. మా ఆవిడ పులిహోర కలుపుకుని తెచ్చింది, చెనిక్కాయల పొడి తెచ్చింది, బ్రెడ్డు మీద ఆ పొడీ కొంచెం వెన్నా వేసుకుని తిన్నాం, రైల్లో పక్క సీటు పెద్దావిడ అడిగి మరీ రుచి చూసింది. అక్కడ మాత్రం తప్పక తినాల్సింది హకిల్‌బెర్రీ. ఆ కొండల్లో దొరికే చిన్న పండు, మన నేరేడు రంగు, పులుపూ తీపీ కలిసి ఉంటుంది. దానితో ఐస్‌క్రీమ్, జామ్, పై అన్నీ చేస్తారు. మా అమ్మాయి రెండు రోజుల్లో నాలుగు ఐస్‌క్రీములు తినింది, నేను అడ్డు చెప్పలేదు.

వేసవిలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగు ఉంటుంది. రెండో రోజు సాయంత్రం వరండాలో చెక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఎదురుగా స్టేషన్, అంతకు ముందే ప్యాసింజరు బండి వచ్చి వెళ్ళింది. తర్వాత గూడ్సులు. ఒకదాని తర్వాత ఒకటి, కంటైనర్లు రెండేసి పేర్చినవి, ముందు మూడు నాలుగు ఇంజన్లు, కనుమ ఎక్కాలి కదా. నేను వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, నూరు దాటాక మా ఆవిడ కూడా లెక్కపెట్టింది, ఇద్దరికీ లెక్క కుదరలేదు. బండి పోతున్నప్పుడు వరండా స్తంభానికి చెయ్యి ఆనిస్తే సన్నగా అదురు తెలిసింది. ఆ చెట్టు వచ్చింది కూడా ఆ పట్టాల మీదే. అక్కడ కూర్చున్నంతసేపు నాకు ఇంకే ఆలోచనా రాలేదు.

తిరుపతి వచ్చాక నాతోపాటు షాపులో పనిచేసిన స్నేహితుడికి లాబీ ఫోటోలు చూపించాను. కళ్ళద్దాలు పైకి తోసుకుని ఫోను కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు. "బెరడుతోనే నిలబెట్టినారా? చెదలు పట్టలేదా రా?" అన్నాడు మొదట. ఆ చలికి చెదలు ఎక్కడిది అన్నాను. కాసేపు ఆగి, వాళ్ళబ్బాయి మిన్నియాపొలిస్‌లో ఉన్నాడు కదా, అక్కడి నుంచి దారి ఉందా అని అడిగాడు. అదే రైలురా, సెయింట్ పాల్ మీదుగానే పోతుంది, ఆ రైల్వే హెడ్డాఫీసు ఉండిన ఊరే అది అన్నాను. అటువైపు నుంచి వస్తే ఒక పగలంతా చదునైన పొలాలు, సాయంత్రం కాగానే ఒక్కసారిగా కొండలు లేస్తాయి, కొండలు మొదలయ్యే చోటే హోటల్. దిగేది అక్కడే అయినా కొండలు ముందుగా చూడాలంటే కిటికీ సీటు తీసుకో అని చెప్పాను. వచ్చే జూన్‌కి చూస్తానన్నాడు. ఫోటోల్లో స్తంభం కిందిభాగం దగ్గర తీసింది ఒక్కటి తనకి పంపించమని అడిగి తీసుకున్నాడు.